ఎనిమిది ఫ్రేముల గాలి

ఆషాఢం పోయి శ్రావణం వస్తుందంటే డీటీపీ సెంటర్లకు శుభలేఖల పని ముంచుకొచ్చేది. ఆ హడావుడిలోనే పంద్రాగస్టు పని కూడా దూరేది. విజయవాడ గవర్నర్‌పేటలో నేను ఆపరేటర్‌గా కుదిరిన కొత్తల్లో పంద్రాగస్టు పనంటే కరపత్రం మీద ఓ మూల మూడు రంగుల జెండా, మధ్యలో శుభాకాంక్షలు, కింద నాయకుడి ఫొటో. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అనూ తెలుగు ఫాంట్లు ఉంటే పూటలో అయిపోయేది. తొంభైల చివరికి వచ్చేసరికి గిరాకీ తీరు మారింది. ఇంటర్నెట్‌లో పేజీ పెట్టించుకుంటామని కాలేజీలవాళ్లు, ట్రావెల్స్‌ వాళ్లు వచ్చేవారు. అమెరికాలో ఉన్న కొడుకు చెప్పాడని పెద్దమనుషులు వచ్చేవారు. పేజీలో ఏముండాలో ఎవరికీ తెలియదు గానీ ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట: “జెండా కదలాలి.”

అలా కదిలిన జెండాలు ఇప్పుడు చూస్తే పిల్లలు నవ్వుతారు. అగ్గిపెట్టె అంత బొమ్మ, కుదుపుతో కూడిన కదలిక, అంచుల్లో తెల్లటి మరకలు. కానీ దాని వెనక పనితనం ఉంది, దాని మీద పేటెంటు తగాదా నడిచింది, దానికి వర్తించే జాతీయ నియమాలూ ఉన్నాయి. చేసినవాళ్లెవరూ బొమ్మ మీద పేరు రాసుకోలేదు. ఆ పని చేసిన చేతుల్లో నావీ ఉన్నాయి కాబట్టి గుర్తున్నంత వరకు ఆ వృత్తి చరిత్ర చెబుతాను.

ముందు ఆ ఫైలు సంగతి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో కంప్యూసర్వ్ అనే సంస్థ ఉండేది. అక్కడ స్టీవ్ విల్‌హైట్ బృందం 1987 జూన్‌లో గిఫ్ అనే ఫైలు పద్ధతిని విడుదల చేసింది. టెలిఫోను తీగ మీద సమాచారం నత్తనడక నడిచే కాలం అది. రంగుల బొమ్మను కుదించి పంపడమే గిఫ్ పని. ఒక బొమ్మలో 256 రంగులకు మించకూడదు. 1989లో దానికి రెండో రూపం వచ్చింది. ఒక్కో బొమ్మ తెర మీద ఎంతసేపు నిలవాలో సెకనులో నూరో వంతు లెక్కన చెప్పే వీలు, ఏదైనా ఒక రంగును పారదర్శకం చేసే వీలు అందులో చేరాయి. అంటే కదిలే బొమ్మకు కావలసిన సరంజామా అప్పటికే సిద్ధంగా ఉంది. అయితే ఆ కదలిక ఒక్కసారి నడిచి ఆగిపోయేది. జెండా ఒక్కసారి ఊగి నిలబడిపోతే ఏం ప్రయోజనం? 1995-96లో వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 ఆ కొరత తీర్చింది. చివరి బొమ్మ అయ్యాక మళ్లీ మొదటికి వెళ్లమని చెప్పే చిన్న సూచనను ఆ బ్రౌజరు వాళ్లు గిఫ్‌లో ఇరికించారు. నెట్‌స్కేప్ పోయి చాలా ఏళ్లయింది. ఆగకుండా తిరిగే గిఫ్‌ను విప్పి చూస్తే మాత్రం లోపల ఆ బ్రౌజరు పేరు, దాని పక్కన 2.0 అంకె, మొత్తం 11 అక్షరాల్లో ఇప్పటికీ కనబడతాయి. ప్రపంచంలో జెండాలన్నీ తెర మీద విడవకుండా రెపరెపలాడటం అక్కడ మొదలైంది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్. అది కూడా సరిగ్గా 1995 ఆగస్టు 15న. ప్రైవేటు సంస్థలు 1998 చివర్లో రంగంలోకి దిగాకే మా బోటి ఊళ్లకు ఊపు వచ్చింది. మోడెం మీద 28.8 కిలోబిట్లని రాసి ఉన్నా సెకనుకు మూడు కిలోబైట్లు దిగితే ఆ రోజు మంచి రోజు. 40 కిలోబైట్ల జెండా తెర మీదికి రావడానికి పదమూడు సెకన్లు పట్టేది. అంతసేపూ ఫోను బిల్లు నడుస్తూనే ఉంటుంది. అందుకని జెండా బరువు పదిహేను ఇరవై కిలోబైట్లు దాటకుండా చూసుకోవాలి. మా పనిని శాసించింది ఆ తూకమే. ఎన్ని ఫ్రేములు (అంటే వరసలో ఎన్ని బొమ్మలు), ఎన్ని రంగులు, ఎంత నీడ అన్నవన్నీ దాన్నిబట్టే తేలేవి.

మా నాన్న తరానికి తెర మీద జెండా కొత్త కాదు. 1962 యుద్ధం తర్వాత సినిమా హాళ్లలో ఆట అయ్యాక జనగణమన వేసేవారు, తెర మీద జెండా ఎగిరేది. ఆ తర్వాత ఆ ఆనవాయితీ సన్నగిల్లింది. 2016 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసి, 2018 జనవరిలో హాళ్లవాళ్ల ఇష్టానికి వదిలేసింది. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు. ముందు నిజం గుడ్డ, నిజం గాలి ఉంటే కెమెరా తన పని తాను చేసుకుపోతుంది. మాకు గుడ్డా లేదు, గాలీ లేదు, కెమెరా అంతకంటే లేదు. అల మొత్తాన్ని ఎనిమిది బొమ్మల్లో చెప్పాలి. ఒక్కొక్కటి సెకనులో పదో వంతు నిలుస్తుంది. ఆ ఎనిమిదే మళ్లీ మళ్లీ తిరుగుతూ రోజంతా గాలి వీస్తున్నట్టు నమ్మించాలి.

చేతిలో ఉన్న పనిముట్టు ఫొటోషాప్. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ 1990లో అడోబీ సంస్థ ద్వారా మార్కెట్లోకి వచ్చింది. బొమ్మను పొరలు పొరలుగా పేర్చే లేయర్ల సౌకర్యం 1994లో మూడో వెర్షన్‌తో కలిసింది. కదిలే జెండాకు లేయర్లే ప్రాణం, ఎందుకంటే ఒక్కో లేయరు ఒక్కో ఫ్రేము అవుతుంది. మా సెంటర్‌లో సీడీ మీద మార్కర్ పెన్నుతో ఆ సాఫ్ట్‌వేర్ పేరు రాసి ఉండేది. ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడిగేవారు కాదు.

పద్ధతి నేర్పే పుస్తకాలు తక్కువ. కన్ను నేర్పింది మాత్రం ఒక పెద్దాయన. సినిమా హాళ్లకు కటౌట్లు, బ్యానర్లు రాసిన ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వస్తున్నాయి, ఆయనకు పని తగ్గుతోంది. సాయంత్రం పూట టీకి మా సెంటర్‌కు వచ్చి కూర్చునేవాడు. అందరం మాస్టారూ అనేవాళ్లం. ఒకరోజు ఎవరో విదేశీ పేజీనుంచి దింపిన జెండాను తెర మీద చూసి పెదవి విరిచాడు.

“కర్ర దగ్గర గుడ్డ కట్టేసి ఉంటుంది కదరా అబ్బాయ్, అక్కడ కూడా అంత ఊగుతుందేంటి?”

“అన్ని చోట్లా ఒకే లెక్క ఇచ్చినట్టున్నారు మాస్టారూ.”

“గాలికి ఒకే లెక్క ఉండదు. అల కర్ర దగ్గర పుడుతుంది, కొసకు పోయేకొద్దీ పెద్దదవుతుంది. కొసనుంచి కర్రకు ఎప్పుడూ రాదు.”

ఆ నాలుగు మాటల్లో మొత్తం విద్య ఉంది. దాన్ని ఫొటోషాప్ భాషలోకి దించడం మా వంతు. వేవ్ అనే ఫిల్టరు ఉంది గానీ అది జెండా అంతటినీ ఒకేలా వంచుతుంది, మాస్టారు వద్దన్నది సరిగ్గా దాన్నే. తెలిసినవాళ్లు వాడేది డిస్‌ప్లేస్ ఫిల్టరు. దానికి విడిగా ఒక నలుపు తెలుపు బొమ్మ ఇవ్వాలి. నలుపు మెల్లగా బూడిదలోకి, బూడిద తెలుపులోకి కరుగుతూ, మళ్లీ వెనక్కి వస్తూ నిలువు చారలుగా ఉంటుంది. ఆ బొమ్మలో తెలుపున్న చోట ఫిల్టరు జెండాను ఒకవైపు జరుపుతుంది, నలుపున్న చోట రెండోవైపు జరుపుతుంది. సరిగ్గా నడిమి బూడిద ఉన్న చోట ముట్టుకోదు. కాబట్టి కర్ర వైపు నడిమి బూడిద పూసి, కొసకు పోయేకొద్దీ చారలు తేలేలా చేస్తే కట్టేసిన గుడ్డలాగే కదులుతుంది.

తర్వాతి ఫ్రేముకు ఆ చారలను కొంచెం కొస వైపు జరపాలి. అల పొడవు 80 పిక్సెళ్లయితే ఒక్కో ఫ్రేముకు పదేసి పిక్సెళ్లు. చారలు జరిపాకే బూడిద పూయాలి, ముందే పూస్తే కర్ర దగ్గరి నిలకడ కూడా చారలతోపాటు నడిచిపోతుంది. ఎనిమిదిసార్లు జరిపితే చారలు మొదటి చోటికే వస్తాయి. అంటే తొమ్మిదో బొమ్మ మొదటి బొమ్మే. దాన్ని ఫైల్లో పెట్టకూడదు. పెడితే తిరిగిన ప్రతిసారీ జెండాకు ఎక్కిళ్లు వచ్చినట్టుంటుంది. ఆ రోజుల్లో చూసిన జెండాల్లో సగానికి ఈ ఎక్కిళ్ల జబ్బు ఉండేది.

నీడ మరో విద్య. మడత ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ వెలుగు, ఎక్కడ పల్లంగా ఉందో అక్కడ నీడ అనుకుని చాలామంది అవే చారలను జెండా మీద పొరగా వేసేవారు. గుడ్డ మీద వెలుగు పడేది ఎత్తునుబట్టి కాదు, వాలునుబట్టి. వెలుతురుకు ఎదురుగా ఉన్న వాలు మెరుస్తుంది, అవతలి వాలు మసకేస్తుంది. అందుకని నీడ పొరను అలలో నాలుగో వంతు, అంటే 80కి 20 పిక్సెళ్లు పక్కకు జరపాలి. ఆ ఇరవై పిక్సెళ్లతో తెర మీది కాగితం గుడ్డ అయ్యేది. లెక్కల మాస్టారైతే సైనుకూ కొసైనుకూ ఉన్న తేడా అంటాడు. మా కటౌట్ల మాస్టారు చీర కుచ్చిళ్లు రాసిన చేత్తో ఆ సంగతి లెక్కల్లేకుండానే చెప్పాడు.

ఆపైన తూకం. గిఫ్ బొమ్మను వరసలుగా, ఎడమనుంచి కుడికి చదువుతుంది. ముందు వచ్చిన రంగుల వరస మళ్లీ వస్తే దాన్ని పూర్తిగా రాయకుండా గుర్తుతో సరిపెడుతుంది. బారుగా ఒకే కాషాయం ఉంటే ఫైలు తేలిక. నీడలు నునుపుగా ఉండాలని రంగులు పెంచితే బరువు. అందుకని కాషాయానికి నాలుగైదు ఛాయలు, ఆకుపచ్చకు నాలుగైదు, తెలుపు బూడిదలకు నాలుగైదు, చక్రం నీలానికి రెండు, ఇలా పొదుపుగా పంచుకునేవాళ్లం. మన జెండాకు ఇంకో ప్రత్యేక ఇబ్బంది నడిమి తెలుపు. తెల్ల పేజీ మీద పెడితే కొస వైపు జెండా ఎక్కడ అయిపోయిందో తెలియక, కాషాయం ఆకుపచ్చ రెండు పట్టీలు విడివిడిగా గాలిలో తేలుతున్నట్టు కనిపించేది. అందుకు కొసన సన్నటి బూడిద అంచు గీసేవాళ్లం. అదే జెండా నల్ల పేజీ మీదికి పోతే అంచుల చుట్టూ తెల్ల నలుసులు లేచేవి, ఎందుకంటే గిఫ్‌లో పిక్సెలు కనబడితే పూర్తిగా కనబడాలి, లేకపోతే పూర్తిగా మాయమవ్వాలి. సగం పారదర్శకం దానికి తెలియదు. పేజీ రంగు ఏమిటో ముందే అడిగి పని మొదలుపెట్టడం అలా అలవాటైంది.

జెండాకు మా ఊరితో ఉన్న చుట్టరికం బడి పిల్లలకూ తెలుసు. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1916లోనే జాతీయ జెండా ఎలా ఉండాలో నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు గాంధీజీకి జెండా నమూనా గీసి ఇచ్చారు. రాట్నం ఉండాలన్న సూచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. ఎరుపు, ఆకుపచ్చలకు తెలుపు జత చేయించింది గాంధీజీ. 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చలను, నడుమ రాట్నాన్ని ఖాయం చేసింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రాన్ని పెట్టింది.

ఆ మార్పుకు నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి నా వృత్తికి సంబంధించినది. రాట్నమంటే ఒకవైపు చక్రం, రెండోవైపు కదురు. గుడ్డ వెనకనుంచి చూస్తే అవి తారుమారవుతాయి. జెండా మీది గుర్తు రెండువైపులా ఒకేలా కనబడాలి, కాబట్టి రాట్నంలోని చక్రాన్ని మాత్రం ఉంచారు. ఇది అచ్చంగా డిజైనర్ ఆలోచన. ఎగిరే జెండాలో ముందు వైపు, వెనక వైపు రెండూ కనబడతాయి. మడత తిరిగిన చోట వెనక వైపు గీయాల్సి వస్తే మాకు కొత్త బొమ్మ అక్కర్లేదు. పేజీకి కుడివైపు జెండా కావాలంటే అద్దంలోలా తిప్పేస్తే చాలు. 1947లో దర్జీకి వచ్చే ఇబ్బంది తీర్చిన ఆ నిర్ణయం యాభై ఏళ్ల తర్వాత మా పనినీ సగం చేసింది.

అయితే ఆ చక్రమే మమ్మల్ని ఏడిపించింది కూడా. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన జెండా నియమావళి తొమ్మిది ప్రామాణిక సైజులు చెబుతుంది. పొడవు వెడల్పులు మూడుకు రెండు పాళ్లలో ఉండాలి. అన్నిటికంటే చిన్న జెండా 150 మిల్లీమీటర్లకు 100, అందులో చక్రం వ్యాసం 25. తెర మీద మిల్లీమీటర్ల బదులు పిక్సెళ్లు వేసుకోండి. 25 పిక్సెళ్ల చక్రం చుట్టుకొలత సుమారు 78. అందులో 24 ఆకులు, వాటి మధ్య 24 ఖాళీలు పట్టాలి. ఒక్కోదానికి వచ్చేది పిక్సెలున్నర. ఇరుసు దగ్గరికి వచ్చేసరికి అదీ ఉండదు, అంతా నీలం ముద్ద. దానికంటే చిన్న జెండా అడిగితే మనస్సాక్షి ఒప్పుకునేది కాదు. ఎనిమిదో పదహారో గీతలు వేసి సరిపెట్టినవాళ్లు బోలెడుమంది. మా సెంటర్‌లో పద్ధతి వేరు. పెద్ద బొమ్మలో 24 ఆకులూ లెక్కపెట్టి గీసి, తర్వాత కుదించేవాళ్లం. ముద్దయితే అవనీ, 24 ఆకుల ముద్ద వేరు, ఎనిమిది గీతల బొమ్మ వేరు.

గిరాకీలకు నియమాలు చెప్పడం కూడా పనిలో భాగమే. నియమావళి ప్రకారం జెండా మీద ఏ అక్షరాలూ రాయకూడదు, ప్రకటనలకు వాడకూడదు. ఒక బట్టల కొట్టు యజమాని తెల్ల పట్టీలో చక్రానికి అటూ ఇటూ కొట్టు పేరు రావాలని పట్టుబట్టాడు. “రెపరెపలాడుతూ పేరు కనబడితే ఆ అందమే వేరు కదయ్యా” అన్నాడు. నియమావళి అచ్చు కాగితం చూపించాక జెండానే మానేసి, తన పేరు మీద దీపాల తోరణం తిప్పించుకున్నాడు.

అమెరికాలోని తెలుగువాళ్ల పేజీలది మరో ముచ్చట. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మొదటి మహాసభ 1977లోనే జరిగింది కాబట్టి ఇంటర్నెట్ వచ్చేనాటికి అక్కడ సంఘాలకు, సభలకు కొదవ లేదు. వాళ్లకు రెండు జెండాలు కావాలి. పేరుకు ఎడమవైపు మనది, కుడివైపు వాళ్లది. అమెరికా జెండా కొలత వేరు, వెడల్పు ఒకటైతే పొడవు 1.9. నీలం గడిలో 50 నక్షత్రాలు. అంత చిన్న బొమ్మలో నక్షత్రానికి ఒక్క పిక్సెలు దక్కితే అదృష్టం. అందం కోసం రెండు కర్రలూ బయటి అంచుల్లో పెట్టి జెండాలు ఎదురెదురుగా ఊగేలా చేస్తే మాస్టారు ఒప్పుకోలేదు. “ఒకే పేజీలో రెండు గాలులు ఎట్లా వీస్తాయిరా?” అన్నాడు. ఆ రోజునుంచి మా సెంటర్‌లో రెండు జెండాలూ ఒకే వైపు ఎగిరాయి.

ఇదే కాలంలో గిఫ్ మీద పెద్ద తగాదా నడిచింది. గిఫ్ వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే కుదింపు విధానానికి యూనిసిస్ సంస్థ చేతిలో పేటెంటు ఉంది. గిఫ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు రుసుము కట్టాలని 1994 చివర్లో ప్రకటన వచ్చింది. ఆ కోపంలోంచే పీఎన్‌జీ అనే కొత్త పద్ధతి పుట్టి 1996లో ప్రమాణంగా నిలిచింది. 1999 నవంబరు 5న గిఫ్‌లన్నీ తగలబెట్టే రోజంటూ ఉద్యమం కూడా చేశారు. పీఎన్‌జీ అన్నిటా మెరుగే, కదలిక మాత్రం అప్పట్లో అందులో లేదు. జెండా ఊగాలంటే గిఫ్ ఒక్కటే దిక్కు. 2003 జూన్‌లో అమెరికా పేటెంటు గడువు తీరిపోయింది. గిఫ్ బతికి బట్టకట్టింది. అందులో కదిలే జెండాల వంతూ కొంత ఉందని నా నమ్మకం.

పనిముట్లు కూడా మారుతూ వచ్చాయి. 1999లో ఫొటోషాప్ 5.5తో పాటు ఇమేజ్‌రెడీ జతగా వచ్చింది. ఫ్రేములను వరసగా పేర్చి, వ్యవధి పెట్టి, అక్కడికక్కడే ఆడించి చూసుకోవచ్చు. 2005లో యానిమేషన్ ఫొటోషాప్‌లోకే వచ్చేసింది, 2007కల్లా ఇమేజ్‌రెడీ కనుమరుగైంది. డబ్బు పెట్టలేని కుర్రాళ్లకు గింప్ దొరికింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు తయారుచేసి 1996లో ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ అది. అందులో లేయరు పేరు పక్కన బ్రాకెట్లో మిల్లీసెకన్లు రాస్తే ఫ్రేము వ్యవధి అదే అవుతుంది. తర్వాత ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ వచ్చింది, పోయింది. ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమంలో మెరుపులు అద్దిన జెండాలు పంచుకున్న తరమూ వచ్చింది, 2014లో ఆర్కుట్ మూతపడింది. ఇప్పుడు ఫోనులో మనం గిఫ్ అని పంపేది చాలాసార్లు గిఫ్ కూడా కాదు. వాట్సాప్ దాన్ని చిన్న వీడియోగా మార్చేస్తుంది. 2022లో పింగళి జయంతి ఆగస్టు 2 నుంచి 15 దాకా ప్రొఫైల్ బొమ్మగా జెండా పెట్టుకోమని ప్రధాని పిలుపునిచ్చినప్పుడు కోట్ల ఫోన్లకు జెండాలు అప్పటికప్పుడు దొరికాయి. ఎనిమిది ఫ్రేముల లెక్క ఎవరికీ అవసరం పడలేదు.

కష్టం తగ్గడం మంచిదే. ఆ కష్టం ఆనవాళ్లు కూడా పోవడం మంచిది కాదు. సొంత పేజీలకు లక్షల మందికి ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. కొందరు ఔత్సాహికులు మూతకు ముందే వీలైనంత దింపి దాచబట్టి, 2016లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అక్కడి కదిలే బొమ్మలను వెతుక్కునే వీలు కల్పించింది. విజయవాడ, హైదరాబాద్, గుంటూరు సెంటర్లలో చేసిన బొమ్మలను అలా దాచిన సంస్థ నాకు తెలిసి ఏదీ లేదు. అవి ఉంటే గింటే పాత ఫ్లాపీల్లో, రాత సీడీల్లో ఉంటాయి. సీడీ పూత ఏళ్లు గడిస్తే చెడిపోతుంది, చదివే డ్రైవులూ దొరకడం లేదు.

కాబట్టి ఆ రోజుల్లో డీటీపీ, వెబ్ పని చేసినవాళ్లకు నా మనవి. అటక మీద ఉన్న సీడీలు దించి ఫైళ్లను కొత్త డిస్కులోకి కాపీ చేయండి. ఫైలు పేరు, తేదీ మార్చకండి. ఎవరు చేశారో, ఏ ఊళ్లో, ఎవరి కోసం చేశారో పక్కన ఒక ముక్క రాసి పెట్టండి. ఇక కొత్తగా చేసే పిల్లలకు చెప్పేది ఇంతే: కొలత మూడుకు రెండు, పైన కాషాయం, చక్రానికి 24 ఆకులు, జెండా మీద అక్షరాలు వద్దు, అల ఎప్పుడూ కర్రనుంచి కొసకే పోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఈ అయిదూ మీరే చూసుకోవాలి.